ఎడెల్‌మీరా ఉతికిన బండ

శుక్రవారం మట్టి పోస్తారని కబురు వచ్చింది. పాల వ్యాను తోలేవాడు మా గేటు దగ్గర ఆగి, ఇంజను ఆపకుండానే చెప్పాడు. మా బావమరిది ఫిదెన్సియో చెప్పమన్నాడట. పాత రాతిబొమ్మల పార్కులో కొత్త గుట్ట కట్టడం అయిపోవచ్చింది. మా పొలం నుంచి వెళ్ళిన బండను దాని ముందు నిలబెట్టారు. శుక్రవారం వెనకవైపు మట్టి పోసి భుజాల దాకా మూసేస్తారు. బండ వీపు చూడాలనుకుంటే ఈలోగా రమ్మన్నాడు. అంతే కబురు. ఎలా ఉన్నావని అడగలేదు, నేనూ అతని క్షేమం అడగలేదు. అతని అక్కను శ్మశానం గోడ గూటిలో పెట్టి ఇటుకలతో మూసిన రోజు నుంచి మాకు మాటల్లేవు. నాలుగేళ్ళయింది.

అతని అక్క నా భార్య ఎడెల్‌మీరా.

ఆ బండ మా పొలంలో ఊట పక్కన బోర్లా పడి ఉండేది. మా తాత అడవి కొట్టి చదును చేసినప్పుడు బయటపడింది. మా వైపు ఇలాంటివి చాలా దొరుకుతాయి. కొందరు గడప కింద వేసుకున్నారు, కొందరు ఆవుల్ని కట్టుకున్నారు. చెరకు గానుగ కింద దిమ్మగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మాకంటే ఎంతో ముందు ఈ నేలమీద బతికిన పాతవాళ్ళు చెక్కిన బొమ్మలవి. మా తాత దాన్ని తిరగెయ్యలేదు. బోర్లా పడుకోబెట్టినవాళ్ళకి ఏదో కారణం ఉంటుందని ఆయన నమ్మకం. మా నాన్నా తిరగెయ్యలేదు. వీపు తలుపంత వెడల్పు, చదునుగా ఉంది. పక్కనే నీళ్ళు. నాయనమ్మ దానిమీద బట్టలు ఉతికింది, తర్వాత అమ్మ ఉతికింది. వాళ్ళిద్దరూ రుద్ది రుద్ది నడిమధ్యన నున్నగా చేశారు.

ఎడెల్‌మీరా పందొమ్మిదో ఏట మా ఇంటికొచ్చింది. ఆమెది ఎడమచేతి వాటం. నడిమి చోటు ఆమెకు కుదరలేదు. పక్కకు జరిగి, ఎడమ భుజం వైపు ఉతకడం మొదలుపెట్టింది. పదేళ్ళకి అక్కడ చిన్న గుంట పడింది. ముప్పయ్యేళ్ళకి అది గరిటె గుంటంత లోతయింది. మా అమ్మ అది చూసి, ఈ పిల్ల బండను కూడా తన దారికి తెచ్చుకుంటోంది అనేది. మెచ్చుకోవడమో దెప్పడమో ఎవరికీ తెలిసేది కాదు. ఎడెల్‌మీరా తలెత్తకుండా ఉతుక్కుంటూ, బండ చెప్పిన మాట వింటుంది అత్తా, మీ అబ్బాయిలా కాదు, అనేది.

ఆ గుంటలో ఒక్కసారి చెయ్యి పెట్టాలి. మట్టి పొయ్యకముందే. నేను పార్కుకి బయలుదేరింది దానికోసమే.

బండ పార్కుకి ఎలా పోయిందో చెప్పాలి. పంపింది నేనే.

ఆమె చిక్కిపోవడం మొదలైనప్పుడు ముందు ఎర్సిలియా అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాను. మా పల్లెలో అందరూ అంతే. అవ్వ ఆకులు కాచి ఇచ్చింది. కషాయాలతో అయిదు నెలలు గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు నన్ను ఒక్కణ్ణీ రమ్మని పిలిచింది. చుట్ట వెలిగించి, సగం కాల్చి, బూడిద చూసింది. పాతవాళ్ళ చలి పట్టిందని చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బండమీదికి వంగి ఉతికింది కదా, చలి అరచేతుల్లోంచి ఎముకల్లోకి ఎక్కిందట. బండ పొలం దాటి పోవాలి. దానికి బదులు ఏమీ పుచ్చుకోకూడదు. ఇచ్చినవాడు దాని మొహం ఎప్పటికీ చూడకూడదు. ఇంకొకటి ఉంది. ఎందుకు పంపుతున్నామో రోగికి చెప్పకూడదు.

"చెప్పావో, ఆ చలి వింటుంది నాయనా. విని ఎముకని గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత నా వల్ల కాదు."

నేను మూడో తరగతి దాకా చదివాను. కాగితం నేనే రాశాను. నా పొలంలో ఉన్న పాత బొమ్మను పార్కుకి ఊరికే ఇస్తున్నాను, తీసుకెళ్ళండి, అని. పార్కువాళ్ళు సంతోషంగా వచ్చారు. పద్దెనిమిది మంది మనుషులు, గొలుసులు, దొర్లించడానికి దుంగలు. దెబ్బ తగలకుండా చుట్టూ చెరకు పిప్పి కట్టారు. రెండు రోజులు పట్టింది. దాన్ని వెల్లకిలా తిప్పినప్పుడు నేను కాఫీ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఎవడో ఈల వేశాడు. నేను చూడలేదు.

ఎడెల్‌మీరా మంచం కిటికీ దగ్గర ఉండేది. అంతా చూసింది. సాయంత్రం నేను బెల్లం నీళ్ళు తీసుకెళ్తే అడిగింది.

"నేను లేచాక దేనిమీద ఉతకాలయ్యా?"

సిమెంటు తొట్టి తెస్తానన్నాను.

కిటికీలోంచి ఊట పక్కన ఖాళీ అయిన చోటు చూసింది. తర్వాత, "అయితే లేవనని తేల్చేశావన్నమాట," అంది.

నాకు నోరుంది. తెరవలేదు. ఎర్సిలియా మాట చెవిలో ఉంది. గ్లాసు ఆమె చేతికిచ్చి, పశువుల్ని కట్టాలని చెప్పి బయటికి వచ్చాను. ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు బతికింది. నీళ్ళు కావాలంది, దిండు సర్దమంది, తలుపు వెయ్యమంది. నాతో ఇంకేమీ అనలేదు. చివరి వారం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు పొట్ట నొక్కి చూసి, కాలేయమంతా గడ్డలే, అయిదు నెలల కిందట రావలసింది, అన్నాడు. అయిదు నెలలు. ఆకులు కాచిన అయిదు నెలలు.

సిమెంటు తొట్టి తెచ్చాను. ఆమె చనిపోయిన మర్నాడు దిగింది. ఇప్పుడు అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

శ్మశానంలో మేస్త్రీ ఇటుకలు పేర్చి సున్నం పూస్తుండగా, ఫిదెన్సియో అందరి ముందూ నన్ను అడిగాడు. మా అక్కకి ఇంకా ఊపిరి ఉండగానే సామాను పంచిపెట్టావు కదా బావా, ఎందుకంత తొందర, అని. పార్కులో కాపలా ఉద్యోగం అతనిది. బండ వచ్చిన రోజు వాళ్ళు అక్కడ పాతిన బోర్డు చూసి వచ్చాడు. దానిమీద నా పేరుంది. దాత అర్సేసియో ఇంబాచీ. ఆ పేరుకోసమే ఇచ్చానని అతని అనుమానం. నేను జవాబు చెప్పలేదు. చెబితే ఎర్సిలియా చుట్ట బూడిదని నమ్మిన వెర్రివాణ్ణవుతాను. చెప్పకపోతే దుర్మార్గుణ్ణవుతాను. దుర్మార్గుడిగా ఉండడమే తేలిక అనిపించింది. మనుషులు దుర్మార్గుణ్ణి ప్రశ్నలు అడగరు.

ఎర్సిలియా ఇంకా బతికే ఉంది. ఆమె కంచె పక్కనుంచే నా మామూలు దారి. ఇప్పుడు పై దారిన, ఏరు దాటి వెళ్తాను. పావుగంట ఎక్కువ.

గురువారం తెల్లారగానే బయలుదేరాను. మొక్కజొన్న రొట్టెలు రెండు, జున్ను ముక్క అరిటాకులో చుట్టుకున్నాను. కోటు జేబులో సబ్బు ముక్క వేసుకున్నాను. ఎడెల్‌మీరా వాడిన చివరి సబ్బు అది. నీలం రంగుది. ఊట దగ్గర మట్టిగోడ సందులో నాలుగేళ్ళు ఉంది. ఎండి, బీటలు వారి, ఒకవైపు బొటనవేలి నొక్కు మిగిలింది. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. చేతికి తగిలింది, వేసుకున్నాను.

చెక్కబస్సులో పక్క సీటు ఖాళీగా ఉంది. దారి పొడుగునా ఎక్కినవాళ్ళు అటు ఇటు చూసి వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. నా మొహం అలా ఉంటుంది. ఒక్క ముసలామె మాత్రం వెనక్కి పోలేక నా పక్కన కూలబడి, ఎక్కడికని అడిగింది. రాయిని చూడ్డానికన్నాను. ఏ రాయి అంది. బొమ్మలు, పార్కులో. ఆమె నవ్వింది. అరవయ్యేళ్ళుగా ఆ పక్క ఊళ్ళోనే ఉన్నాను, ఒక్కసారీ చూడలేదు, అవి చూడ్డానికి దూరదేశాలవాళ్ళు ఉన్నారుగా, నీకేం పని, అంది. మా ఇంటిది అన్నాను. పిచ్చివాడనుకుంది కాబోలు, తర్వాత నాతో మాట్లాడలేదు. లోయ కింద మగ్దలేనా నది పొగమంచులో కనిపించకుండా చప్పుడు చేస్తోంది. రెండున్నర గంటలు ఆ చప్పుడే.

పార్కు గేటు దగ్గర కూర్చున్న అమ్మాయి గుర్తింపు కార్డు అడిగింది. పేరు చదివి ఆగింది.

"బోర్డు మీద ఉన్న ఇంబాచీ మీరేనా తాతా?"

నేనేనన్నాను. లేచి నిలబడింది. టికెట్టు అక్కర్లేదంది. మీలాంటివాళ్ళుంటే మా పని ఎంత సులువో అని నవ్వింది. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కార్డు తీసుకుని లోపలికి నడిచాను.

ఫిదెన్సియో దారి మలుపులో నిలబడి ఉన్నాడు. గోధుమరంగు చొక్కా, టోపీ. చిక్కాడు. గడ్డం కింద ఎముక అక్కలాగే కనిపిస్తోంది.

"వచ్చావా."

"వచ్చాను."

"నీకోసం కాదు కబురు పెట్టింది. అది మా అక్క చెయ్యి. మూసేముందు ఎవరైనా చూడాలనిపించింది. నేను రోజూ చూస్తున్నా. ఇంకెవరున్నారు మరి."

మొహం చూస్తావా, వీపు చూస్తావా అని అడిగాడు. వీపన్నాను. గడ్డిలోంచి చుట్టు తిప్పి తీసుకెళ్ళాడు. పాతవాళ్ళ సమాధి గుట్టల్లాగే కొత్తగా కట్టిన గుట్ట, దానికి రాతి పలకల వసారా, వసారా ముందు బండ. నిలబడి ఉంది. నా జన్మలో దాన్ని నిలబడి చూడలేదు. పడుకున్నప్పుడు నా నడుము ఎత్తు కూడా లేని బండ. ఇప్పుడు నాకంటే రెండు మూరలు ఎత్తుంది. దానికీ గుట్టకీ మధ్య మనిషి పట్టేంత సందు. పక్కన మట్టి కుప్పపోసి, మీద పట్టా కప్పి ఉంచారు.

మేం అక్కడికి చేరేసరికి గైడు ఒకడు ఎనిమిది మందిని వెంటేసుకుని అటే వచ్చాడు. కుర్రవాడే, గొంతు మాత్రం పెద్దది. ఈ చోటు రేపటితో మూసేస్తారు, మీరు అదృష్టవంతులు, అని వాళ్ళతో అన్నాడు. గుంట చూపించాడు. ఇక్కడ పూజారులు చనిపోయినవాళ్ళకి పూసే రంగులు నూరేవారట. గుంట నడిమధ్యన కాకుండా ఎడమవైపు ఎందుకుందో గమనించండి, ఎడమ చంద్రుడి వైపు, చావు వైపు, అన్నాడు. వాళ్ళు తలలూపారు. ఒకాయన పుస్తకంలో రాసుకున్నాడు.

"ఎడమచేతి వాటం," అన్నాను.

గైడు తిరిగి చూశాడు. ఎవరిదని అడిగాడు.

"నా భార్యది. దుప్పట్లు ఉతికేది."

నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ముసలాయన సరదా మనిషి అనుకున్నారు. ఒకామె నన్ను ఫోటో తీసింది. గైడు నా భుజం తట్టి, ఈ ప్రాంతంవాళ్ళకి కథలు చెప్పడం భలే వచ్చు అని వాళ్ళతో అని, తరవాతి గుట్టకి నడిపించుకుపోయాడు. గైడుకి ఫిదెన్సియో ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాడట. చంద్రుడి కథకే జనం ఆగుతారు, దుప్పట్ల కథకి ఎవరూ ఆగరు అని జవాబిచ్చాడట.

బొమ్మల్ని ముట్టుకోకూడదు. అడుగడుక్కీ రాసి ఉంది. ముట్టుకోవద్దని చెప్పడమే ఫిదెన్సియో ఉద్యోగం. అతను టోపీ సర్దుకుని, నాకు వీపు తిప్పి, అడవి వైపు చూస్తూ నిలబడ్డాడు.

సందులోకి దూరాను. కుడిచెయ్యి పెట్టాను. అమరలేదు. బొటనవేలు ఎక్కడా ఆనలేదు. చెయ్యి మార్చాను. ఎడమచెయ్యి అరచేతి మడమ దాకా దిగి కూర్చుంది. నున్నగా ఉంది. చల్లగా ఉంది. అన్ని రాళ్ళలాగే. ఇంకేం చలి ఉంటుందని అనుకున్నానో. గుంట ఇప్పుడు నా మొహం ఎత్తున ఉంది. చెంప ఆనించవచ్చు. ఆనించలేదు. ఫిదెన్సియో ఉన్నాడు. ముక్కు మాత్రం దగ్గర పెట్టి చూశాను. సబ్బు వాసన లేదు. కడిగేశారు. నాచు వాసన.

జేబులోంచి సబ్బు ముక్క తీసి, ఆమె పెట్టుకునే చోట, గుంట అంచున పెట్టాను. జారి కిందపడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడింది. బండ నిలబడి ఉందని చేతికి తెలియలేదు. ఇంక దానిమీద ఏదీ నిలవదు.

చప్పుడుకి ఫిదెన్సియో తిరిగి చూశాడు. వంగి సబ్బు తీశాడు. బొటనవేలి నొక్కు చూశాడు.

"అక్కదా?"

తలూపాను.

అతను దాన్ని ఇవ్వలేదు. చేతిలోనే పెట్టుకుని, మెల్లగా అడిగాడు. "ఎందుకిచ్చేశావు బావా? నాలుగేళ్ళుగా ఆలోచిస్తున్నా. పేరుకోసం కాదు, నువ్వు పేరుకోసం బతికే మనిషివి కావు. మరెందుకు?"

చెప్పాను. ఎవరికీ చెప్పనిది. ఎర్సిలియా, చుట్ట, బూడిద, ఎముకల్లో చలి, మొహం చూడకూడదన్నది, రోగికి చెప్పకూడదన్నది. అంతా కలిపి నాలుగు మాటలకి మించలేదు. ఇంత చిన్నదాన్ని నాలుగేళ్ళు మోశానా అనిపించింది.

ఫిదెన్సియో టోపీ తీశాడు. తిట్టాలనుకుంటే తిట్టేవాడే. మా వైపు పుట్టినవాడు, చలి అంటే ఏమిటో తెలుసు. వాళ్ళమ్మని కూడా ఎర్సిలియా దగ్గరికే తీసుకెళ్ళాడు.

"అక్కకి చెప్పలేదా?"

"చెప్పకూడదంది."

"ఎర్సిలియా వద్దంటే మానేశావు. ముప్పై ఒక్క ఏళ్ళలో మా అక్క వద్దన్న పని ఒక్కటైనా మానావా బావా?"

ఒక్కటి గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు.

నేనూ ఒకటి అడగాలి. చెయ్యి పెట్టడానికని వచ్చాను, నిజమే. కానీ నాలుగేళ్ళుగా నన్ను పడుకోనివ్వనిది ఇదే. చివరి రోజుల్లో ఫిదెన్సియో ఆమె దగ్గర కూర్చునేవాడు. నేను లేనప్పుడు.

"నా గురించి ఏమైనా అందా?"

అబద్ధం చెప్పవచ్చు. ఇంకెవరైనా అయితే చెప్పేవాళ్ళు. ఆమెకు అర్థమైంది, నిన్నేమీ అనుకోలేదు, అనేవాళ్ళు. నేను నమ్మేవాణ్ణి. ఫిదెన్సియో అక్కలాంటివాడు. వాళ్ళింట్లో ఎవరికీ అబద్ధం చేతకాదు.

"అంది. 'బండని పంపేశాడు, ఇంక నన్ను పంపడమే మిగిలింది' అంది."

"కోపంగానా?"

"కాదు. బట్టలు మడతపెడుతూ మాట్లాడినట్టు అంది."

ఎడెల్‌మీరా బట్టలు మడతపెట్టేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. లోకంలో అది తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం.

సందులోంచి బయటికి వచ్చి, ముందువైపుకి నడిచాను. ఫిదెన్సియో చెయ్యి ఎత్తాడు, ఆపబోయినట్టు. ఆపలేదు. బండ మొహం చూశాను. పెద్ద కళ్ళు, వెడల్పు ముక్కు, నోట్లో కోరలు, పొట్టమీద రెండు చేతులు. బురదలో బోర్లా పడి ఉండబట్టి ఏమీ అరగలేదు. నిన్న చెక్కినట్టుంది. పెదవి పక్కన ఎర్ర రంగు కూడా మిగిలి ఉంది. మా ఇంటి మూడు తరాల ఆడవాళ్ళు దాని వీపుమీద ఉతికారు, ఇది ఇలా మట్టిలోకి చూస్తూ ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏమీ కాలేదు. అవడానికి ఇంకేమీ మిగల్లేదు.

పార అడిగాను.

"రేపు పనివాళ్ళు వస్తారు."

"రేపు వాళ్ళు పొయ్యనీ. కాస్త నేను పోస్తాను."

ఆమె శవపేటిక మీద నేను పిడికెడు మట్టి వెయ్యలేదు. గూడు, ఇటుకలు, సున్నం. మేస్త్రీ చేశాడంతా, నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆ సంగతి ఫిదెన్సియోకి చెప్పనక్కర్లేదు, పక్కనే ఉన్నాడు. కొట్టంలోకి వెళ్ళి పార తెచ్చాడు. అటు ఇటు చూశాడు. గైడు గొంతు దూరంగా మూడో గుట్ట దగ్గర వినిపిస్తోంది.

సబ్బు ముక్క అతని చేతిలోంచి తీసుకుని బండ మొదట్లో, వెనకవైపు పెట్టాను. నొక్కు పైకి ఉండేట్టు.

"వెయ్యేళ్ళ తర్వాత ఎవడైనా తవ్వితే, పూజారి సబ్బు అంటాడు," అన్నాడు ఫిదెన్సియో.

"చంద్రుడి సబ్బు అంటాడు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

మట్టి తడిగా, బరువుగా ఉంది. నా వయసుకి ఎక్కువ పని. సబ్బు మొదటి పారకే కనిపించకుండా పోయింది. మోకాళ్ళ దాకా పోశాను. ఫిదెన్సియో ఒకసారి పార అందుకోబోయాడు, ఇవ్వలేదు. ఊపిరి అందక ఆగినప్పుడు పైకి చూశాను. గుంట అలాగే ఉంది, పైన, నా చెయ్యి అందేంత ఎత్తులో. దాన్ని నేను మూయలేదు. అది రేపు వేరేవాళ్ళు మూస్తారు. వాళ్ళకి అదేమిటో తెలియదు. అలా అయితేనే మూయగలరు.

నాలుగింటికి బస్సు. గేటు దాకా ఫిదెన్సియో వచ్చాడు. దారిలో బోర్డు దగ్గర ఆగాను. ఇనుప రేకుమీద తెల్ల అక్షరాలు. పొడవు, వెడల్పు, దొరికిన చోటు, కింద నా పేరు. వీపు గురించి ఏమీ రాయలేదు. దీన్ని తీసెయ్యవచ్చా అని అడిగాను. తియ్యాలంటే రాజధాని నుంచి కాగితం రావాలట. కావాలంటే అర్జీ రాయి, నేనిస్తాను, కానీ రెండేళ్ళు పడుతుంది, అన్నాడు.

"వద్దులే. ఉండనీ. అబద్ధం కాదుగా. ఇచ్చింది నేనే."

ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. మా ఆవిడ కూడా సంతోషిస్తుంది బావా అన్నాడు. రానన్నాను. రొట్టెలు అరిటాకులో అలాగే ఉన్నాయి, తినడం మరిచిపోయాను. బస్సులో పక్క సీటుమీద పెట్టాను. ఎవరూ తియ్యమని అడగలేదు.